ఓడ ఇంజిన్ బాగుచేయడానికి వెళ్ళేవాళ్ళకు కొన్ని తలకిందుల సలహాలు

ఓడ ఆగిపోయిందని కబురొస్తుంది. ఏజెంటు టికెట్టు పంపిస్తాడు. ఫుజైరా కావచ్చు, సింగపూర్ కావచ్చు, మన విశాఖ ఔటర్ హార్బర్ బయట లంగరేసిన ఓడే కావచ్చు. ఆ క్షణం నుంచి అందరూ మీకు చెప్పేది ఒకటే: తొందరగా. చార్టర్ తీసుకున్నవాడు అద్దె ఆపేశాడని ఓనరు తొందర. బెర్తు పోతుందని కెప్టెన్ తొందర. ఇంకో ఓడ దగ్గర ఇంకో పని కాచుకుని ఉందని మీ మేనేజరు తొందర.

సింధియా, గాజువాక, కాకినాడ వైపు నుంచి ఈ పనిలోకి కుర్రాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పే సలహాలు వింటే ఏ మేనేజరైనా తల పట్టుకుంటాడు. అయినా చెబుతాను. పని కాగానే మనం లాంచీ ఎక్కి ఒడ్డుకు వచ్చేస్తాం. ఆ ఇంజిన్‌ని నమ్ముకుని నవంబరు బంగాళాఖాతం దాటాల్సిన ఇరవై మంది సిబ్బంది ఓడ మీదే ఉండిపోతారు. బిల్లు కట్టేది ఓనరైనా, మన పని ఆ ఇరవై మంది కోసం. ఇది ఒప్పుకున్నవాళ్ళకు కింద చెప్పేవన్నీ సబబుగానే కనిపిస్తాయి.

మొదటిది, నిచ్చెన నచ్చకపోతే ఓడ ఎక్కకండి. విమానం దిగి, ఇమిగ్రేషన్ దాటి, రెండు గంటలు లాంచీలో ఊగి ఓడ పక్కకు చేరాక వెనక్కి తిరగడమంటే ఎవరికైనా మొహమాటమే. మొహమాటపడకండి. తాళ్ళు చివికి ఉన్నాయా, మెట్లు అడ్డంగా సమంగా ఉన్నాయా, పక్కకు ఒరిగాయా అన్నది కింది నుంచే చూసుకోవాలి. ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు దాటితే ఒంటి తాళ్ళ నిచ్చెన చాలదు, దానికి ఓడ గ్యాంగ్‌వే నిచ్చెన కూడా కలిపి కట్టాలన్నది అంతర్జాతీయ నియమం. పైనుంచి ఎవరో "ఏం కాదు, రండి" అని చెయ్యి ఊపుతారు. రేడియోలో చెప్పి సరిచేయించుకున్నాకే కదలండి. ఎక్కేటప్పుడు లాంచీ అల మీద పూర్తిగా పైకి లేచిన క్షణంలోనే నిచ్చెన అందుకోవాలి. అది కిందికి జారుతున్నప్పుడు అందుకుంటే, మీరు రెండు మెట్లు ఎక్కేలోపు మళ్ళీ లేచి మీ కాళ్ళను ఓడ గోడకు నొక్కేస్తుంది. వీపున సంచీ వద్దు, చేతిలో ఫోను అసలే వద్దు. సామాను వెనక తాడు కట్టి లాగుతారు.

సామాను అంటే గుర్తొచ్చింది. స్పానర్లు మోసుకెళ్ళకండి. పెద్ద పెట్టె చూస్తే చీఫ్ ఇంజనీరుకు నమ్మకం కలుగుతుందని మన సీనియర్లు చెబుతారు. ఓడలో స్పానర్లు ఉంటాయి, హైడ్రాలిక్ జాకీలు ఉంటాయి, ఆ ఇంజిన్ కోసమే చేసిన ప్రత్యేక పనిముట్లు గోడకు వరసగా వేలాడుతుంటాయి. ఓడలో నమ్మదగ్గవి దొరకనివి కొలిచే సాధనాలు. మీ సొంత ఫీలర్ గేజి, మీ డయల్ గేజి, మంచి టార్చి, చిన్న అద్దం, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న ప్రెషర్ గేజి, ఇవి చాలు. వేరే దేశానికి ఖరీదైన పరికరాలు తీసుకెళ్తుంటే ఏటీఏ కార్నే కాగితం ముందే చేయించుకోండి, లేకపోతే కస్టమ్స్ దగ్గరే పగలు గడిచిపోతుంది.

ఓడ ఎక్కాక ఇంజిన్ దగ్గరికి పరుగెత్తకండి. నేను దీన్ని గట్టిగా నమ్ముతాను. పాడైన ఇంజిన్ ఎలాగూ అక్కడే ఉంటుంది. మొదటి గంట కంట్రోల్ రూములో టీ తాగుతూ కూర్చోండి. లాగ్‌బుక్ అడగండి. గత పదిహేను రోజుల ఎగ్జాస్టు ఉష్ణోగ్రతలు, ల్యూబ్ ఆయిల్ ప్రెషర్లు, స్కావెంజ్ ప్రెషర్ ఒక కాగితం మీద పక్కపక్కనే రాసుకోండి. అలారాల చరిత్ర ప్రింటు తీయించండి. బంకర్ ఎప్పుడు, ఏ రేవులో ఎక్కించారో, కొత్త నూనె ఏ రోజు నుంచి మండిస్తున్నారో అడగండి. 2020 జనవరి 1 నుంచి ఇంధనంలో గంధకం 3.50 శాతం నుంచి 0.50 శాతానికి దిగిపోయాక, ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోనే సగం సమస్యలకు ఆచూకీ ఉంటోంది.

ఇంకా చప్పగా అనిపించే ప్రశ్నలు కూడా అడగండి. సంప్‌లో ఆయిల్ ఎంత ఉంది? 2019 మార్చి 23న నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే ప్రయాణికుల ఓడ తుఫానులో జెనరేటర్లు ఆగిపోయి రాళ్ళవైపు కొట్టుకుపోయింది. ఓడలో 1,373 మంది. 479 మందిని హెలికాప్టర్లలో ఒక్కొక్కరినే పైకి లాగారు. ఓడ ఊగినప్పుడు పంపు పీల్చుకోవడానికి చాలినంత ల్యూబ్ ఆయిల్ ట్యాంకుల్లో లేకపోవడమే జెనరేటర్లు ఆగడానికి ప్రధాన కారణమని తేలింది. ఎంత పెద్ద ఇంజనీరైనా ముందు ఆయిల్ మట్టం చూడాల్సిందే. సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

చీఫ్‌తో మాట్లాడడం అయ్యాక, సెకండ్ ఇంజనీరును వదిలేసి నేరుగా కిందికి వెళ్ళి ఆయిలర్‌నీ మోటర్‌మ్యాన్‌నీ అడగండి. ఓడ మీద హోదాల వరస తెలిసినవాళ్ళకు ఇది తప్పుగానే అనిపిస్తుంది. చీఫ్ అనుమతి తీసుకునే అడగండి, కానీ తప్పకుండా అడగండి. వాచీలో నాలుగు గంటలు ఆ చప్పుడు మధ్య నిలబడేది వాళ్ళు.

కాకినాడ లంగరు దగ్గర ఒక బల్క్ క్యారియర్ జెనరేటర్ గవర్నరు మార్చాలని పిలిచారు. కొత్త గవర్నరు పెట్టెలో సిద్ధంగా ఉంది. ఇచ్ఛాపురం వైపు మోటర్‌మ్యాన్ ఒకాయన గుడ్డతో రైలింగు తుడుస్తూ ఉన్నాడు. "అన్నా, నీకేమనిపిస్తోంది?" అన్నాను. అటూ ఇటూ చూసి, "రాత్రి వాచీలో లోడు తగ్గినప్పుడల్లా ఊగిసలాడతాది సార్. పగలు ఏటీ ఉండదు" అన్నాడు. ఆ రాత్రి ఆయనతోపాటే నిలబడ్డాను. లోడు తగ్గగానే ఇంజిన్ వేగం పెరుగుతూ తరుగుతూ ఉంది. జెనరేటరు ఆపి, లింకేజి విప్పి, ఫ్యూయల్ పంపుల రాక్‌లను ఒక్కొక్కటే వేలితో కదిపి చూస్తే నాలుగో పంపు దగ్గర పట్టేసింది. మిగతావి వేలి తాకిడికే జారుతున్నాయి, అది మాత్రం బొటనవేలు పెట్టి నెట్టాలి. లోడు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా బయటపడదు. ప్లంజరు తీసి చూస్తే పైపొర మీద లక్కలాంటి గోధుమరంగు పూత. శుభ్రం చేసి, స్పేర్ ప్లంజర్-బ్యారెల్ జత వేస్తే సరిపోయింది. గవర్నరు పెట్టె మూతే తీయలేదు. రిపోర్టులో ఆ మోటర్‌మ్యాన్ ఏం చెప్పాడో రాశాను. మీరూ రాయండి. వాళ్ళ పేరు ఆఫీసు దాకా చేరే దారి అదొక్కటే.

ఇక పార్టుల సంగతి. పాత పార్టు ఎందుకు పాడైందో తెలిసేదాకా కొత్తది వేయకండి. విరిగిన పార్టును ఎవరినీ తుడవనివ్వకండి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

ఓడల్లో మంచి అలవాటు ఒకటుంది. పిస్టన్ బయటికి రాగానే ఫిట్టరు డీజిల్ బకెట్టు, బ్రష్షు తెచ్చి తళతళలాడేలా కడిగేస్తాడు. మర్యాదగా ఆపండి. ఆ మురికిలోనే సాక్ష్యమంతా ఉంటుంది. పిస్టన్ పైభాగం పక్కన, మొదటి రింగుకు పైన, పేరుకున్న పొరను గోటితో గీకండి. నల్లగా మెత్తగా రాలితే మామూలు మసి. బూడిదరంగుకు తిరిగి, రాయిలా గట్టిపడి ఉంటే సిలిండర్ ఆయిల్‌లోని కాల్షియం అక్కడ దిగబడినట్టు. గంధకం తక్కువ ఉన్న ఇంధనానికి ఎక్కువ గంధకం రోజుల నాటి ఘాటు సిలిండర్ ఆయిలే వాడుతుంటే, లేదా అవసరానికి మించి పోస్తుంటే ఇలా అవుతుంది. ఆ గట్టి పొర లైనర్‌ను ఉప్పుకాగితంలా రుద్ది అద్దంలా నున్నగా చేసేస్తుంది. ఆ నునుపు మీద ఆయిల్ నిలవదు. ఆ తర్వాత రింగులు పట్టేయడానికి ఎంతో సేపు పట్టదు. ఇవేమీ చూడకుండా కొత్త రింగులు వేసి దిగిపోతే, అవీ అదే దారిలో పోతాయి, ఈసారి నడిసముద్రంలో.

రింగును చేతిలోకి తీసుకుని టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న రింగు ముఖం ఒకే రంగులో, సన్నటి మసకతో ఉంటుంది. స్కఫింగ్ అయిన రింగు మీద నిలువు గీతలు కనిపిస్తాయి, అంచు మీద వేలు పెడితే లేచిన లోహం గుచ్చుకుంటుంది. గీతలు అన్ని సిలిండర్లలోనూ ఒకేలా ఉంటే ఇంధనాన్నో సిలిండర్ ఆయిల్‌నో అనుమానించండి. ఒక్క సిలిండర్‌లోనే ఉంటే ఆ సిలిండర్ లూబ్రికేటర్, ఇంజెక్టర్ చూడండి. ఫ్యూయల్ పంపు ప్లంజర్ల మీద కూడా సన్నటి గీతలుంటే క్యాట్ ఫైన్స్, అంటే రిఫైనరీ నుంచి నూనెతోపాటు వచ్చిన అల్యూమినియం, సిలికాన్ రేణువులు కావచ్చు. బంకర్‌లో అవి కిలోకు 60 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని ఐఎస్‌ఓ 8217 ఒప్పుకుంటుంది. ఇంజిన్ లోపలికి వెళ్ళేటప్పటికి 15 కన్నా తక్కువ ఉండాలని తయారీదారులు అంటారు. మధ్యలో ఆ తేడాను తీసేయాల్సింది ప్యూరిఫయర్. కాబట్టి పిస్టన్ కోసం పిలిచినా ప్యూరిఫయర్ దగ్గరికి వెళ్ళి నూనె 98 డిగ్రీలకు చేరుతోందో లేదో చూడండి. "మిమ్మల్ని దాని కోసం పిలవలేదు" అంటారు. అయినా చూడండి.

ఆ విరిగిన ముక్కలను ఫొటోలు తీసి, గుడ్డలో చుట్టి, సిలిండర్ నంబరు రాసి చీఫ్ చేతికి ఇవ్వండి. రేపు ఇన్సూరెన్సు సర్వేయరు వస్తే ఓడవాళ్ళకు అవే ఆధారం.

ఏమీ చేయకుండా నిలబడడం నేర్చుకోండి. ఆయిల్ మిస్ట్ అలారం మోగి ఇంజిన్ ఆగిందనుకోండి. లోపల ఎక్కడో బేరింగో పిస్టన్ రాడ్డో వేడెక్కింది. క్రాంక్‌కేస్ తలుపు తీసి చూడాలని చేతులు దురదపెడతాయి. కంపెనీ ఫోను మీద ఫోను చేస్తుంది. వేడి చోటు తగిలి ఆవిరైన ఆయిల్ చల్లబడి తెల్లటి పొగమంచులా లోపల నిండి ఉంటుంది. మీరు తలుపు తీస్తే ఆ మంచుకు గాలి అందుతుంది, వేడి చోటు నిప్పు అందిస్తుంది. మాన్యువల్ కనీసం 20 నిమిషాలు ఆగమంటుంది. నేను ఇంకా ఎక్కువే ఆగమంటాను. ఆ సేపు ఇంజిన్ రూమ్‌లో ఎవరినీ ఉండనివ్వకండి, ముఖ్యంగా రిలీఫ్ వాల్వుల ఎదురుగా.

1947 సెప్టెంబరు 11న బెల్‌ఫాస్ట్ దగ్గర రేనా దెల్ పసిఫికో అనే ఓడలో ఏం జరిగిందో ప్రతి సర్వీసు ఇంజనీరూ తెలుసుకోవాలి. యుద్ధంలో సైనికులను మోసిన ఆ ఓడను యార్డులో పూర్తిగా మరమ్మతు చేసి, సముద్రంలో ట్రయల్ నడిపి వెనక్కి తెస్తున్నారు. ఒక పిస్టన్ వేడెక్కింది. క్రాంక్‌కేస్ పేలింది, ఆ పేలుడు మిగతా ఇంజిన్లకూ పాకింది. 28 మంది చనిపోయారు. వాళ్ళలో మనలాగే, ఇంజిన్ బాగుచేసి ట్రయల్ చూడడానికి ఎక్కినవాళ్ళూ ఉన్నారు. ఈ రోజు మీరు చూసే క్రాంక్‌కేస్ రిలీఫ్ వాల్వుల నియమాల వెనక ఆ ప్రమాదం తర్వాత జరిగిన పరిశోధన ఉంది. ఆ తలుపు ముందు ఓపిక పట్టండి.

అందరూ పెద్ద యంత్రం వైపు చూస్తున్నప్పుడు మీరు చిన్న తీగ వైపు చూడండి. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి వంతెనను ఢీకొట్టింది. వంతెన మీద రోడ్డు పని చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన భారతీయులే. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2025లో తేల్చిన సంగతి ఇది: ఒక సిగ్నల్ తీగ టెర్మినల్‌లో పూర్తిగా దిగలేదు. తీగకు చుట్టిన లేబుల్ అడ్డుపడింది. చూసేవాళ్ళకు బిగించినట్టే ఉంది, లోపల పట్టు లేదు. ఏ ప్యానెల్ తెరిచినా తీగలు కళ్ళతో చూసి వదిలేయకండి. కరెంటు ఆపి, తాళం వేసి, ట్యాగు తగిలించి, ఒక్కొక్క తీగనూ రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూడండి. దానికి గంట పడుతుంది. ఆ గంటకు బిల్లు వేయండి.

ఇంకోటి, పని మధ్యలో నిద్రపోండి. ఓడ సిబ్బందికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని ఎస్‌టీసీడబ్ల్యూ నియమం ఉంది. దానికో పట్టిక గోడకు అంటించి ఉంటుంది. మన పేరు ఆ పట్టికలో ఉండదు. రాత్రి విమానంలో మేలుకుని, పొద్దున లాంచీ ఎక్కి, మధ్యాహ్నానికి సిలిండర్ కవర్ కింద దూరేవాడిని ఎవరూ లెక్కగట్టరు. మీ పట్టిక మీరే రాసుకోండి. 900 బార్, 1,500 బార్ ప్రెషర్ మీద పనిచేసే హైడ్రాలిక్ జాకీ దగ్గర నిద్రమత్తు మనిషి ఉండకూడదు. "ఆరు గంటలు పడుకుని మొదలుపెడతాను" అని చీఫ్‌తో సూటిగా చెప్పండి. మంచి చీఫ్ ఎవరూ కాదనరు, క్యాబిన్ తాళం చేతిలో పెడతారు.

పని అయ్యాక దిగిపోకండి. ఇది మేనేజర్లకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా. లాంచీ కింద తిరుగుతుంటుంది, తిరుగు టికెట్టు ఈమెయిల్లో ఉంటుంది. బేరింగు మార్చిన ఇంజిన్ స్టార్ట్ అయి సవ్యంగా తిరుగుతోందని సంతకాలు పెట్టేసుకుంటారు. మీరు మాత్రం ఆపమనండి. మెల్లగా పావుగంటో అరగంటో నడిపాక ఆపి, స్టార్టింగ్ ఎయిర్ మూసి, ఇండికేటర్ కాక్‌లు తెరిచి, టర్నింగ్ గేర్ వేసి, పద్ధతి ప్రకారం చల్లబడనిచ్చాక క్రాంక్‌కేస్ తెరిచి బేరింగులు చేత్తో తాకి చూడండి. పక్క బేరింగుతో పోల్చండి. మళ్ళీ నడపండి, మళ్ళీ ఆపండి. గంట నడిపాక ఇంకోసారి. వీలైతే ఫుల్ లోడు దాకా వెళ్ళాక చివరిసారి. ఫ్లయిటు పోతే ఇంకో ఫ్లయిటు ఉంటుంది. మీరు తాకి చూడని బేరింగు మీద ఆ ఇరవై మందీ మలక్కా జలసంధిలోకి వెళ్తారు.

ఆ సమయంలోనే రిపోర్టు రాయండి. అందులో మీరు చేయని పనులకు ఒక పేజీ కేటాయించండి. ఏ సిలిండరు తెరవలేదు, ఏ కొలత తీయడం కుదరలేదు, ఏ స్పేరు ఓడలో లేదు, ఏది తాత్కాలికం, అది ఎన్ని గంటల్లోపు మళ్ళీ చూడాలి. మీ కంపెనీకి ఇది నచ్చదు, లోపాలు బయటపెట్టుకున్నట్టు ఉంటుందంటారు. కానీ మీ తర్వాత ఆ ఓడ ఎక్కే చీఫ్‌కు మీరు చేసినవాటికన్నా చేయనివే ముందు తెలియాలి. కొలతలు రాసేటప్పుడు అవి ఏ పరిస్థితిలో తీశారో కూడా రాయండి. క్రాంక్‌షాఫ్ట్ డిఫ్లెక్షన్లు ఖాళీ ఓడలో ఒకలా, సరుకు నిండిన ఓడలో ఇంకోలా వస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండకు డెక్కు వేడెక్కినా ఓడ వంగి అంకెలు మారతాయి. డ్రాఫ్ట్ ఎంత, ఇంజిన్ వేడిగా ఉందా చల్లారిందా, సమయం ఎంత అన్నవి లేకుండా ఆ అంకెలు రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే.

చివరిగా, పెద్ద ఓడల ఇంజనీర్లు నవ్వే సలహా ఒకటి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో సెలవు దొరికితే విశాఖ ఫిషింగ్ హార్బరుకు వెళ్ళండి. బోట్లలో ఎక్కువగా ఉండేవి లేలాండ్ ఇంజిన్లు. అప్పుడు విప్పి, బేరింగులు చూసి, గేరుబాక్సు సర్ది, మళ్ళీ బిగిస్తుంటారు. అక్కడి మెకానిక్కులకు మన మాన్యువళ్ళు లేవు, తయారీదారుడి హెల్ప్‌లైన్ లేదు. సముద్రంలో ఇంజిన్ ఆగితే బోటును మళ్ళీ కదిలించాల్సింది డ్రైవరూ కలాసీలే. అందుకే వాళ్ళు ప్రతి నట్టునూ ఆ డ్రైవరు ముందే బిగిస్తారు, బిగిస్తూ చెబుతారు: ఇది లీకైతే ఇలా ఆపు, అది వేడెక్కితే ఇంత సేపు ఆగు. డ్రైవరు వాళ్ళ ఎదుటే ఒకసారి విప్పి బిగించి చూపిస్తాడు. ఓడ మీద థర్డ్ ఇంజనీరును పక్కన నిలబెట్టుకుని మీరూ అలాగే చేయండి. స్పానరు అతని చేతికిచ్చి, మీరు టార్చి పట్టుకోండి.